గోడల డాక్టరమ్మ, బరువు బావ

ఎవరూ కళ్లతో చూడని గోడలకు వైద్యం చేసి బతికే మనిషి ఆమె. చమురు కోసం భూమిలోకి దించే బావికి కూడా గోడలుంటాయనీ, అవి కూలితే పైనున్న వాళ్ల కొంపలు కూడా కూలుతాయనీ, కూలకుండా ఉండాలంటే బావిలో నింపే మడ్డు అనే బురద ఎంత బరువుండాలో ముందే లెక్కగట్టి చెప్పడమే తన ఉద్యోగమనీ ఆమె ఎవరికైనా వివరంగా చెబితే, అంతా విని వాళ్లు ఒకటే అడిగేవారు.

"అయితే మా స్నానాలగది గోడ ఎందుకు చెమ్మ పడుతోందో చెప్పండి."

మొదట్లో ఆమె నవ్వి ఊరుకునేది. కొన్నాళ్లకు నవ్వడం మానేసింది. ఆ తర్వాత ఊరుకోవడం కూడా మానేసింది. "మీ గోడకేం రోగం లేదండీ, దాన్ని కట్టినవాడికీ కట్టించినవాడికీ ఉంది" అనేది. అప్పటినుంచే ఆమెకు గోడల డాక్టరమ్మ అని పేరు స్థిరపడింది. సానరాళ్లు కూడా ఆమె దగ్గరికొచ్చి పదును పెట్టించుకుని వెళ్తాయని కాంటీన్‌లో చెప్పుకునేవారు. అది అబద్ధం. సానరాళ్లు భయపడి అటు వచ్చేవే కావు.

ఆమె కూర్చునేది లెక్కల గదిలో. దాని కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. ఏసీ నుంచి కారే నీళ్ల కోసం మూల ఒక బకెట్టు. నాలుగు కంప్యూటర్ల నిండా భూగర్భం రంగురంగుల బొమ్మలుగా వెలుగుతూ ఉండేది. ఈ గదికి పెద్ద కోటాయన. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగినా కోటు విప్పని మనిషి. రాయి అనేదాన్ని ఆయన జీవితంలో చూసింది చెప్పులో దూరినప్పుడే. బొమ్మలో గోడ కూలే చోటు ఎర్రగా కనిపిస్తుంది కదా, దాన్ని చూసి ఆయన చేసే విశ్లేషణ ఇది: "ఎరుపు కొంచెం తగ్గించమ్మా. పైవాళ్లు భయపడతారు."

"రాయికి చెబుతాను సార్, వింటుందేమో" అనేది డాక్టరమ్మ.

ఈ వైద్యంలో కిటుకంతా ఒకటే. మడ్డు పలచనైతే గోడను నిలిపే ఆసరా చాలక రాయి లోపలికి కూలుతుంది. మరీ బరువైతే ఆ బరువుకే రాయి చిట్లి, మడ్డు పగుళ్లలోకి పారిపోతుంది. ఈ రెండింటికీ నడుమ ఒక సందు ఉంటుంది. కొన్ని బావుల్లో అది లారీ పట్టేంత. కొన్నింట్లో చీమ కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుని పక్కకు తిరిగి నడవాల్సినంత. ఆ సందు ఎక్కడుందో డాక్టరమ్మ చెబుతుంది. అందులోంచి బండి నడిపేవాడు మాత్రం వేరే. ఆ వేరేవాడు ఆమె సొంత అక్క మొగుడు కావడం ఆ బావులు చేసుకున్న కర్మ.

బావి తవ్వే రిగ్గుకు పెత్తందారు ఆయన. అక్కడ అందరికీ పెద్దసారు, డాక్టరమ్మకు మాత్రం బరువు బావ. ఎందుకంటే బావికి ఏ జబ్బు చేసినా ఆయన దగ్గర ఉన్నది ఒకటే మందు. పైపు బిగుసుకుంటే బరువు పెంచండి. పంపు మూలిగితే బరువు పెంచండి. ఏ జబ్బూ లేకుండా బావి హాయిగా ఉంటే అనుమానమొచ్చి ఇంకొంచెం పెంచండి. ఇంట్లో జ్వరమొచ్చినా అదే వైద్యం: దుప్పటి మీద దుప్పటి కప్పించుకుని, దుప్పట్లు అయిపోయాక పిల్లల పరుపు కూడా పైన వేయించుకునేవాడు. పరుపు కింద ఆయన కుతకుత ఉడుకుతుంటే అక్క గరిటెతో ముక్కు దగ్గర సందు చేసి ఊపిరి ఆడుతోందో లేదో చూసేది.

కోతలు కోయడంలో ఆయనకు సాటి లేదు. "పైపు మీద చెయ్యి వేస్తే చాలు, కింద ఉన్న రాయి తన పేరు చెప్పుకుంటుంది నాకు" అనేవాడు భోజనాల దగ్గర.

"ఇంటిపేరు కూడా చెబుతుందా బావగారూ?"

"వెటకారమా మరదలా? కిందటిసారి నువ్వేసిన బొమ్మలో బావి కొండలా నిలబడింది. కింద మాత్రం పేకముక్కల్లా కూలింది. నేను నవ్వానా?"

నవ్వాడు. ఏడాదిగా నవ్వుతూనే ఉన్నాడు. ఆ బావి విషయంలో తప్పు నిజంగానే డాక్టరమ్మది. భూమి ఏ వైపు నుంచి ఎక్కువగా నొక్కుతోందో విడిగా కొలవకుండా, పక్క బావికి ఉన్న దిశనే దీనికీ అంటగట్టేసింది. అంతకు ముందు బావి మాత్రం బావగారి ఖాతాలోది. పెంచుకుంటూ పోతే రాయి చిట్లి, మడ్డంతా తాగేసి, పైపును మింగి కూర్చుంది. చెరో బావిని పాతిపెట్టారు కాబట్టి ఇద్దరూ సమానమే. అయితే ఆయన తన బావిని భూమి చేసిన ద్రోహంగానూ, ఆమె బావిని చదువు చేసిన నేరంగానూ చెప్పుకొచ్చేవాడు.

మూడో బావి మొదలుపెట్టినప్పుడు మేనేజరు ఇద్దరినీ పిలిచి చెప్పాడు. "ఇది కూడా కూలిందంటే, మడ్డు బరువు మీద ఆర్డరు వేసే అధికారం రిగ్గు నుంచి తీసేసి లెక్కల గదికి ఇచ్చేస్తాను. నిలబడితే ఇప్పుడున్నట్టే పెద్దసారు చేతిలో."

డాక్టరమ్మ ఏళ్ల తరబడి కలలుగన్న మాట అది. బయటకు వస్తూ బావగారి మీసం వంక చూసింది. అది మామూలుగా ఆయన కంటే ముందు గదిలోకి వెళ్లేది; ఆ రోజు వెనకాల వస్తోంది.

మీసం మళ్లీ లేవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆయన మర్నాడే హుకుం జారీ చేశాడు. లెక్కల గది వాళ్లెవరూ రిగ్గు గేటు దాటి రాకూడదు. చూడాల్సిన రాళ్లు సంచుల్లో పంపుతాం, అక్కడే చూసుకోండి. అలా వచ్చే సంచులు చూసి డాక్టరమ్మ ముక్కున వేలేసుకుంది. ఫొటోకు ముందు పిల్లాడి ముక్కు తుడిచినట్టు ప్రతి ముక్కనూ కడిగి, ఆరబెట్టి, ఒకే సైజువి ఏరి పంపేవారు. తప్పు పట్టడానికి లేదు, రిగ్గు మీద అది పాత అలవాటే. బావి అడుగున పళ్లచక్రం కొరికిన పలుకులే అసలు సరుకు. గోడల నుంచి ఊడిపడి వచ్చే పెద్ద పెచ్చులు వాళ్ల లెక్కలో చెత్త. పెళ్లలు పెళ్లలుగా గోతిలో పారేసేవారు. గోడకు జబ్బేమిటో చెప్పేది ఆ పెచ్చులే. అంటే రోగిని ఇంట్లో దాచి, అతని చొక్కా మాత్రం ఉతికి ఇస్త్రీ చేసి డాక్టరు దగ్గరకు పంపుతున్నారన్నమాట.

ఆ సెలవురోజు డాక్టరమ్మ అక్కగారింటికి భోజనానికి వెళ్లింది. బావ ఇంట్లో లేడు. బావి మొండికేసిందట, తెల్లారకుండానే రిగ్గుకు పరుగెత్తాడు. అక్క పొయ్యి మీంచి గిన్నె దించి తెచ్చి, బల్ల మీద ఒక చదునైన నల్లరాయి పెట్టి, దాని మీద దించింది.

డాక్టరమ్మ చెయ్యి కంచం మీదే ఆగిపోయింది. "అక్కా, ఈ రాయి ఎక్కడిది?"

"మీ బావే తెచ్చాడే. బావిలోంచి వస్తున్నాయిట. ఎంత బాగున్నాయో చూడు, పైనా కిందా ఒకేలా చదును. బోలెడున్నాయి, నీకూ నాలుగిస్తా. బల్ల కాలు కింద కూడా ఒకటి పెట్టాను, ఊగడం మానేసింది."

"గిన్నె తియ్యి."

"అన్నం తినవే తల్లీ, రాయెక్కడికి పోతుంది?"

"గిన్నె తియ్యమంటున్నానా!"

వేడి రాయిని కొంగుతో పట్టుకుని కిటికీ వెలుతురులో తిప్పి చూసింది. రెండు ముఖాలూ అద్దాల్లా నునుపు, ఒకదానికొకటి సమాంతరం. మడ్డు ఆసరా చాలక విరిగిన రాయి ఇలా ఉండదు. పుల్లలాగానో, గోరు కొసలాగానో వంకర తిరిగి ఉంటుంది. ఇది కొత్తగా విరిగిందే కాదు. భూమిలో పుట్టినప్పటి నుంచే పొరలు పొరలుగా, అతుకు లేకుండా పేర్చి ఉన్న గోడ. దానికి బరువైన మడ్డు పోస్తే ఆ మడ్డు పొరల మధ్యకు దూరి ఒక్కొక్క పలకనూ ఊడదీస్తుంది. ఎంత పెంచితే అంత ఊడుతుంది. ఇంత ఊడుతోందని ఇంకా పెంచుతారు.

"మీ ఆయన బావిని చంపుతున్నాడక్కా."

"చంపితే కుర్చీ నీకొస్తుందని అన్నాడే?" అక్క నెమ్మదిగా అడిగింది. "నీకు రావడం నాకు సంతోషమే. కానీ అధికారం పోయాక ఆయన రిగ్గు మీద ఉండడు, ఇంట్లో కూర్చుంటాడు. కిందటి సెలవుల్లో నా వంటింటి డబ్బాలన్నీ పొడుగు వారీగా సర్దాడు. ఉప్పు కోసం ఇల్లంతా వెతికాను."

డాక్టరమ్మ రాయిని కొంగులో మూటగట్టుకుంది. నోరు మూసుకుంటే చాలు, బావి దానంతటదే కూలుతుంది. అధికారం గదికొస్తుంది. అయితే గదికి అంటే ఎవరికి? కోటు గుర్తొచ్చింది. దాంతోపాటు ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. పైపు బిగిసిందంటే బావ ఊరుకోడు, టవరు కీచుమనే దాకా లాగిస్తాడు. మొదటి బావి దగ్గర అలాగే లాగితే ఇనపతాడు తెగింది. ఎవరి ప్రాణమూ పోలేదు. కానీ ఆ రోజు అక్కడున్న వాళ్లు ఇప్పటికీ ఎవరైనా తలుపు దబ్బున వేస్తే తల పట్టుకుని కూర్చుండిపోతారు. వాళ్లను తలుచుకుంటే డాక్టరమ్మకు కోపమొచ్చింది. ఎదుటివాడి మూర్ఖత్వాన్ని హాయిగా చూసి ఆనందించనివ్వని మనుషులు!

"గేటు దాటనివ్వరు నన్ను" అంది లేస్తూ.

"బీపీ మాత్ర మర్చిపోయాడు. అది పట్టుకెళ్లు, ఎవరాపుతారో చూస్తా" అంది అక్క.

మాత్ర పేరు వినగానే గేటు మనిషి పక్కకు తప్పుకున్నాడు. ఆ మాత్ర పడని రోజు రిగ్గు మీద బతుకెలా ఉంటుందో అతనికి తెలుసు. లోపల పంపుల రొద, డీజిలు పొగ, కాలు జారే ఇనప మెట్లు. మడ్డును వడగట్టే జల్లెడలు గడగడా ఊగుతున్నాయి. జల్లెడాయన పారతో నల్లని పలకల్ని ఎత్తి గోతిలోకి విసురుతున్నాడు.

"పొద్దుట్నుంచి గోడలే వస్తున్నాయమ్మా. సాయంత్రానికి తలుపులూ కిటికీలూ కూడా వచ్చేస్తాయి."

పైన బావ చేతులు నడుముకు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పైపు తిరుగుతూ తిరుగుతూ ఆగుతోంది, గింజుకుని మళ్లీ తిరుగుతోంది. "పెంచండి! ముగ్గురాయి పొడి ఇంకో లారీ దింపండి! బరువు పెంచండి!" ఆ కేకకు టవరు మీది పక్షులన్నీ లేచిపోయి, పక్క ఊరికి వెళ్లి కూడా కాసేపు వణికాయని చెప్పుకుంటారు.

"బావగారూ, మాత్ర."

"ఎవరు రానిచ్చారు నిన్ను?"

"మీ బీపీ రానిచ్చింది. ఇది చూడండి." చేతిలో పలక పెట్టింది. "పుస్తకాలు పేర్చిన బీరువా అనుకోండి. పుస్తకాల మధ్య గాలి కొడితే ఏమవుతుంది? మీరు చేస్తున్నది అదే. పెంచినకొద్దీ ఊడుతుంది. తగ్గించి, పగుళ్లు పూడ్చే పొడి కలపాలి. పైపును లాగకుండా మెల్లగా తిప్పాలి."

"గోడ రాలుతుంటే ఆసరా తగ్గించమంటావా? ఎక్కడి చదువే ఇది? నీ రంగుల బొమ్మలో ఈ రాయి ఎందుకు లేదు?"

"మీరు కడిగి పారేశాక బొమ్మలోకి ఎగిరి వస్తుందా?"

"నేను పుట్టి బుద్ధెరిగాక బరువు తగ్గించలేదు. పెంచండ్రా!"

పనివాళ్లు ఇద్దరి మొహాలూ చూస్తూ నిలబడ్డారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషికి నాలుగో కాలు చూపిస్తే, దాన్ని నరికేసి మూడు చేస్తాడు. డాక్టరమ్మకు ఆ సంగతి అప్పటికి గానీ తలకెక్కలేదు. ఇన్నేళ్లూ న్యాయం చెప్పింది, లెక్క చెప్పింది, బొమ్మ చూపింది. ఆయన చెవుల దాకా వెళ్లి అవన్నీ తిరిగొచ్చేశాయి. ఒక్కటి మాత్రం ఎన్నడూ వాడలేదు.

పలకను వెనక్కి తీసుకుని నిట్టూర్చింది. "పోనీలెండి. మీ వల్ల కాదు."

"ఏం కాదు?"

"గోడ రాలుతుంటే తగ్గించడం. ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. పెంచడానికేముంది, భయమేసినవాడు దుప్పటి కప్పుకున్నట్టు ఎవడైనా పెంచుతాడు. మా కోటాయన కూడా పొద్దున్నే అదే అన్నాడు, పెంచమనండమ్మా అని. మీరూ ఆయనా అచ్చు గుద్దినట్టు ఒకటే మాట."

కోటాయన ఆ రోజు సెలవులో ఇంట్లో నిద్రపోతున్నాడన్న సంగతి బావకు తెలియదు.

బావ మెడ నుంచి ఎరుపు పైకి పాకింది. "ఆ కోటుగాడూ నేనూ ఒకటా?"

"ఛ ఛ, నేనలా అన్నానా? మాటలు కలిశాయన్నానంతే."

"వాడు రాయిని చూశాడా? వాడు మడ్డులో వేలు ముంచాడా? పెంచమన్నాడా వాడు?" బావ అటు తిరిగాడు. "ఆపండ్రా ఆ లారీ! తగ్గించండి బరువు! చేసేవాడికి గుండె ఉండాలి, ఎవడు పడితే వాడు చేసే పని కాదిది!" తర్వాత గొంతు బాగా తగ్గించి, మరదలి వైపు ఒరిగాడు. "ఎంత?"

"మీ చేతికి తెలియదా బావగారూ?" అంటూనే ఎంత తగ్గించాలో, ఏ పొడి కలపాలో చెవిలో చెప్పింది. ఆయన అదంతా అప్పుడే పైపు తనకు చెప్పినట్టు అరిచి వినిపించాడు.

మునగచెట్టు ఎక్కించడం తేలికే. కింద నిలబడి కొమ్మ విరగకుండా చూసుకోవడమే కష్టం. డాక్టరమ్మ జల్లెడ దగ్గరకు దిగొచ్చింది. మరీ తగ్గితే కిందున్న గ్యాసు మడ్డును తోసుకుని పైకి తన్నుతుంది. తన దగ్గరున్న ఆధారమేమిటి? గిన్నె కింద దొరికిన రాయీ, తినకుండా వదిలేసిన భోజనమూ. కిందటి బావి కూడా ఇంత నమ్మకంతోనే నిలబడుతుందని చెప్పింది కదా! జల్లెడ పక్కన నిలబడి, తొట్లలో మడ్డు మట్టం ఒక్క వేలెడైనా పెరుగుతోందా అని కళ్లు ఆర్పకుండా చూసింది. ఎవరినీ ఒక్క మాట కూడా వెక్కిరించలేదు. ఆమెను ఎరిగినవాళ్లకు అదే అన్నిటికంటే భయమేసింది.

మట్టం పెరగలేదు. జల్లెడ మీద పలకలు కాసేపు అలాగే వచ్చాయి, తర్వాత చిన్నవయ్యాయి, తర్వాత ఒకటీ అరా. ఎండ వాలుతుండగా జల్లెడాయన పారకు ఆనుకుని నిలబడ్డాడు. ఎత్తడానికేం లేదు. పైన పైపు గింజుకోవడం మానేసి సాఫీగా తిరుగుతోంది.

వారం తిరిగేసరికి ఆ కథ గోరంత నుంచి కొండంతయింది. బావ పైపుకు చెవి ఆనించాడట, కింద రాయి "బరువు మోయలేనయ్యా" అని ఏడ్చిందట, ఆయన కరిగిపోయి తగ్గించాడట. బావి చమురు దాకా చేరాక మేనేజరు అందరినీ కూర్చోబెట్టాడు. బావ మీసం యథాప్రకారం ముందే వచ్చి కూర్చుంది. కోటాయన కాలరు సర్దుకుని, "మా గది విశ్లేషణ ప్రకారమే బరువు తగ్గించారు కదండీ, కాబట్టి అధికారం మాకే..." అని మొదలుపెట్టాడు.

మేనేజరు డాక్టరమ్మ వైపు తిరిగాడు. "ఆ రోజు మీరు అక్కడున్నారని విన్నాను. నిలబడితే రిగ్గుకే అని నేనన్న మాట నిజమే. మీరు వద్దంటే మార్చుకుంటాను. ఎవరికిద్దామంటారు?"

ఇన్నేళ్ల కోరిక బల్ల మీదకొచ్చి కూర్చుంది. ఒక పక్క కోటు, ఇంకో పక్క మీసం. కోటును ఆమె జాగ్రత్తగా పరిశీలించింది. ఆయనకు రోషం లేదు, పౌరుషం లేదు. ఏమన్నా నవ్వి ఎరుపు తగ్గించమంటాడు. పట్టుకోడానికి పిడి లేని మనిషి.

"పెద్దసారుకే ఉంచండి సార్" అంది. "కానీ గేటు తియ్యాలి. రాళ్లు కడగకుండా, ఏరకుండా, ఉన్నవి ఉన్నట్టు నాకు రావాలి."

"ఓస్, అంతేనా?" అన్నాడు బావ. "నేనే పట్టుకొస్తా."

ఇంటికెళ్లాక అక్క నిలదీసింది. "నోటి దాకా వచ్చింది వదులుకున్నావేమే?"

"వదల్లేదక్కా. తెలివైనవాడి చేత మంచిపని చేయించాలంటే వాణ్ణి ఒప్పించాలి. అది రోజంతా పని. మీ ఆయన్ని రెచ్చగొడితే చాలు."

ఇప్పుడు రోజూ పొద్దున్నే బావగారు లెక్కల గదికొస్తాడు. బురద కారుతున్న సంచిని డాక్టరమ్మ బల్ల మీద దబ్బున కుమ్మరిస్తాడు. కోటాయన కోటు అంచులు పైకెత్తుకుని మూలనున్న బకెట్టు దాకా వెనక్కి జరుగుతాడు. ఆమె ఒక్కో ముక్కనూ వేళ్ల మధ్య తిప్పి చూస్తుంది. బావ చేతులు వెనక్కి పెట్టుకుని, అటు చూస్తూ, ఏమీ పట్టనట్టు అడుగుతాడు.

"ఏమే మరదలా, ఇవాళ ఎవరి వల్లా కాని పని ఏదైనా ఉందా?"

"ఉంది బావగారూ" అంటుంది ఆమె తలెత్తకుండా. "కానీ మీ వల్ల కూడా కాదులెండి."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుంటాడు.